హైదరాబాద్‌లో పడుకునే గదికైనా మంచి గాలి దక్కించుకోవడం ఎలా

చలికాలం వచ్చిందంటే ఢిల్లీ పొగ వార్తలు చూసి ‘మన హైదరాబాద్ నయం’ అనుకోవడం అలవాటైపోయింది. ఢిల్లీ కంటే నయమే. కానీ ఢిల్లీ ఎంత అధ్వానంగా ఉందన్నదానికీ మీ ఇంట్లో పిల్లల దగ్గుకూ సంబంధం లేదు. 2019 జనవరిలో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో హైదరాబాద్ కూడా ఉంది. గాలి ప్రమాణాలు ఏళ్ల తరబడి దాటిన నగరాలనే మొదట అందులో చేర్చారు.

సీలింగ్ ఫ్యాన్ రెక్క అంచు మీద ఒక తెల్లగుడ్డ పెట్టి లాగి చూడండి. పొడిపొడిగా రాలే బూడిద రంగు రోడ్డుది, కట్టడాలది. గుడ్డకు జిడ్డుగా పట్టుకుని, సబ్బు పెట్టి రుద్దినా గీతలాగా మిగిలే నలుపు మసి. అది డీజిల్ నుంచి, చెత్త మంటల నుంచి, మన పొయ్యి మీది నూనె పొగ నుంచి వస్తుంది. ఇదంతా కంటికి కనిపించే భాగం. ఇందులో ముతక దుమ్మును చాలావరకు ముక్కే ఆపేస్తుంది. అసలు ప్రమాదం పీఎం 2.5 అనే నుసితో. వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండని కణాలవి. గాలితిత్తుల చివరిదాకా వెళ్లి, కొన్ని రక్తంలోకి కూడా చేరతాయి. అందుకే దీనివల్ల ఆయాసం, ఆస్తమా మాత్రమే కాదు, గుండెపోటు, పక్షవాతం, తక్కువ బరువుతో పుట్టే బిడ్డలు కూడా. బయటి గాలి కాలుష్యం క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2013లోనే తేల్చింది.

నగరం గాలిని ఒక్క ఇల్లు మార్చలేదు. కానీ రోజులో ఎనిమిది గంటలు గడిపే పడకగది మన చేతిలో ఉంది. అక్కడ మొదలుపెట్టి, ఆ తర్వాత వీధిలోకి వెళ్దాం.

ముందు నంబర్ చదవడం నేర్చుకోండి

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ల ‘సమీర్’ యాప్ ఫోన్‌లో పెట్టుకోండి. సనత్‌నగర్, జూ పార్క్, సోమాజిగూడ, న్యూ మలక్‌పేట, నాచారం, కాప్రా, కోకాపేట, కొంపల్లి, సెంట్రల్ యూనివర్సిటీ, పటాన్‌చెరు ఇక్రిశాట్, బొల్లారం, పాశమైలారం లాంటి చోట్ల గాలిని నిరంతరం కొలిచే కేంద్రాలున్నాయి. నగరం మొత్తానికి చెప్పే సగటు వదిలేసి, మీ ఇంటికి దగ్గరగా ఉన్న కేంద్రాన్ని చూడండి.

యాప్‌లో పెద్దగా కనిపించే ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) గడిచిన 24 గంటల సగటు మీద లెక్కకట్టింది. అంటే పొద్దున ఎనిమిదింటికి కనిపించే అంకెలో నిన్న మధ్యాహ్నం గాలి కూడా కలిసి ఉంటుంది. కిటికీ ఇప్పుడు తీయాలా వద్దా అన్నదానికి అది పనికిరాదు. లోపలికి వెళ్లి పీఎం 2.5 గంట గంటకూ ఎలా మారుతోందో చూడండి. మన దేశంలో పీఎం 2.5కు 24 గంటల పరిమితి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన పరిమితి 15. ఈ రెండు అంకెలూ గుర్తుంటే చాలు.

ఇక్కడ చాలామంది పొరబడతారు. ఫోన్‌లో ముందే ఉండే వాతావరణ యాప్‌లు కొన్ని అమెరికా కొలమానం వాడతాయి. పీఎం 2.5 సరిగ్గా 60 ఉన్నప్పుడు మన కొలమానంలో ఏక్యూఐ 100, అంటే ‘సంతృప్తికరం’. అదే గాలికి అమెరికా లెక్కలో 150 దాటుతుంది. రెండు యాప్‌లు రెండు మాటలు చెబుతున్నాయని కంగారుపడకండి. ఏక్యూఐ పక్కనపెట్టి మైక్రోగ్రాములు చూస్తే రెండింటిలోనూ ఒకే సంగతి తెలుస్తుంది.

ఇంటి వాడకానికి మా లెక్క ఇది. 30 లోపు ఉంటే కిటికీలు బార్లా తీయండి. 30 నుంచి 60 మధ్య ఉంటే ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భిణులు, పెద్దవాళ్లు, చంటిపిల్లలు ఉన్న ఇంట్లో మధ్యాహ్నం మాత్రమే తీయండి. 60 దాటితే పడకగది మూసి గాలి ఫిల్టర్ (ప్యూరిఫయర్) నడపండి.

ఇంట్లో పెట్టుకునే, పీఎం 2.5 కొలిచే చిన్న మీటర్ కొంటే, పడుకున్నప్పుడు తల ఉండే ఎత్తులో పెట్టండి. వంటగది గుమ్మం దగ్గర వద్దు. పొగమంచు పట్టిన ఉదయం ఈ మీటర్లు తేమ కణాలను కూడా నుసిగా లెక్కేసి ఎక్కువ చూపిస్తాయి. గాలిలో తేమ 85 శాతం దాటినప్పుడు వచ్చిన అంకెను నమ్మి నిర్ణయాలు తీసుకోకండి.

కిటికీ వేళలు మార్చండి

తెల్లవారగానే తలుపులు, కిటికీలు తీయడం మన ఇళ్లలో తరతరాల అలవాటు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా హైదరాబాద్‌లో ఆ అలవాటు ఆపాలి. రాత్రి నేల చల్లబడి, దాని మీద చల్లగాలి పొర కదలకుండా నిలుస్తుంది. పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. రాత్రి లారీల పొగ, తెల్లవారుజామున ఊడ్చి తగలబెట్టిన ఆకుల పొగ, ఎనిమిదింటి ట్రాఫిక్ పొగ అన్నీ ఆ మూత కిందే ఉంటాయి. ఎండ ఎక్కి నేల వేడెక్కాకే మూత లేస్తుంది. అందుకే చలికాలంలో కిటికీలు తీయడానికి మంచి వేళ మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు. ఆ నాలుగు గంటల్లో ఎదురెదురు కిటికీలు తీసి ఇల్లంతా గాలి ఆడనివ్వండి. చీకటి పడే ముందే మూసేయండి.

దీపావళి రోజు సాయంత్రం ఆరింటికల్లా మూసి, మర్నాడు మధ్యాహ్నం దాకా తీయకండి. వానాకాలంలో ఈ లెక్కలేవీ అక్కర్లేదు, ఎప్పుడైనా తీయొచ్చు. వేసవిలో మాత్రం మండే మధ్యాహ్నాల్లో ఓజోన్ పెరుగుతుంది కాబట్టి ఉదయం పూటే నయం.

ఇంట్లో మనమే పెట్టే పొగ ఆపండి

ఫిల్టర్ కొనే ముందు చేయాల్సిన పని ఇది. దీనికి పెద్ద ఖర్చు లేదు.

దోమల కాయిల్ మొదట తీసేయండి. ఒక కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే పీఎం 2.5 నుసి, 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత అని 2003లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కకట్టింది. తలుపులేసుకుని పిల్లల మంచం కింద దాన్ని వెలిగిస్తున్నాం. కిటికీలకు జాలీ, మంచానికి దోమతెర కట్టండి. అగరుబత్తి, సాంబ్రాణి మానమని చెప్పడం లేదు. పూజ అయ్యాక పుల్ల ఆర్పేసి, ఆ గదిలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ పావుగంట నడపండి. పడకగదిలోకి మాత్రం ధూపం తీసుకెళ్లకండి.

తాలింపు పెట్టేటప్పుడు, చేపలు వేయించేటప్పుడు మీటర్ అంకె క్షణాల్లో వందలు దాటడం చూస్తారు. పొయ్యి వెలిగించే ముందే ఎగ్జాస్ట్ వేయండి, వంట అయ్యాక పది నిమిషాలు ఉంచండి. పొగ వచ్చాక వేస్తే అప్పటికే హాల్లోకి వెళ్లిపోయి ఉంటుంది. ఎగ్జాస్ట్ ఎంత గాలి బయటికి పంపుతుందో అంత గాలి ఎక్కడినుంచో లోపలికి రావాలి. అందుకే వంటగదిలోనే, పొయ్యికి ఎదురుగా ఉన్న కిటికీ కొద్దిగా తీసి, హాలు తలుపు వేసేయండి. చిమ్నీ పెట్టించేవాళ్లు గొట్టం బయటికి వెళ్లేదే పెట్టించండి. గొట్టం లేని చిమ్నీ నూనె జిడ్డు కొంత పడుతుంది గానీ, పొగను మళ్లీ వంటగదిలోకే వదులుతుంది.

పొడి చీపురుతో ఊడిస్తే నేల మీది దుమ్ము గాల్లోకి లేస్తుంది. పడకగదిలో తడిబట్టతో తుడవడమే చేయండి. ఫ్యాన్ రెక్కలు, కిటికీ జాలీ వారానికోసారి తడిగుడ్డతో తుడవాలి.

గదికి చిల్లులు మూయండి

ఒక అగరుబత్తి వెలిగించి, ఫ్యాన్ ఆపి, కిటికీ అంచుల వెంట మెల్లగా తిప్పండి. పొగ నిటారుగా లేస్తే సరే. ఎక్కడ వంగితే అక్కడ గాలి కారుతోంది. ఆ చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, చూసుకున్నాక బత్తి ఆర్పేయండి.

స్లైడింగ్ కిటికీల్లో రెండు రెక్కలు కలిసే చోట ఉండే బ్రష్ పట్టీ రెండు మూడేళ్లకు అరిగిపోతుంది. అక్కడే ఎక్కువ కారుతుంది. కొత్త పట్టీ దొరక్కపోతే అల్యూమినియం పనివాళ్ల దగ్గర ఫోమ్ టేప్ తీసుకుని అంటించండి. అంటించే ముందు స్పిరిట్‌తో తుడవాలి, లేకపోతే దుమ్ము మీద టేప్ వారం కూడా నిలవదు. విండో ఏసీ చుట్టూ ఉన్న సందు, ఏసీ పైపు గోడలోంచి పోయే రంధ్రం, తలుపు కింది సందు కూడా చూడండి. అందరూ మర్చిపోయేది బాత్రూం ఎగ్జాస్ట్. పడకగదికి ఆనుకున్న బాత్రూంలో అది నడుస్తూ ఉంటే, ఆ గాలి లోటు తీరడానికి బయటి మురికిగాలి కిటికీ సందుల్లోంచి గదిలోకి లాగబడుతుంది. స్నానం అవగానే ఆపేసి, బాత్రూం తలుపు వేసి ఉంచండి.

స్ప్లిట్ ఏసీ బయటి గాలి తీసుకోదు, గదిలో గాలినే తిప్పుతుంది. దాని జాలీ దూది దుమ్మును ఆపుతుంది గానీ పీఎం 2.5ను ఆపదు. ముగ్గురు నలుగురు పడుకునే గదిని పూర్తిగా బిగిస్తే కార్బన్ డయాక్సైడ్ పెరిగి పొద్దున్నే తల బరువెక్కుతుంది. అందుకే కిటికీ మూసి, హాలు వైపు తలుపు నాలుగు వేళ్ల సందు తీసి ఉంచండి.

గదిలో గ్యాస్ గీజర్ గానీ, బొగ్గుల కుంపటి గానీ ఉంటే ఈ మూసే పని అసలు చేయకండి. కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణాలు పోతాయి.

ఫిల్టర్: కొనడం లేదా చేసుకోవడం

కొనేవాళ్లు చూడాల్సింది సీఏడీఆర్ అనే ఒక్క అంకె. గంటకు ఎన్ని ఘనపు మీటర్ల శుభ్రమైన గాలి ఇస్తుందో అది చెబుతుంది. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గదిలో 1,200 ఘనపు అడుగుల గాలి ఉంటుంది, అంటే సుమారు 34 ఘనపు మీటర్లు. గంటకు ఐదుసార్లు వడపోయాలంటే 170 కావాలి. కానీ ఆ అంకె ఫుల్ స్పీడ్‌ది. ఆ చప్పుడుకు ఎవరికీ నిద్ర పట్టదు, అందరూ తగ్గించి పడుకుంటారు. అందుకే 300 దరిదాపుల్లో ఉన్నది తీసుకుని మధ్య స్పీడ్‌లో నడపండి. అయొనైజర్, ఓజోన్ అని గొప్పగా రాసినవి వద్దు. ఓజోన్ ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. మెషిన్‌ను సోఫా వెనక, పరదా వెనక దాచకండి. మంచం తలాపు పక్కన, గోడకు ఒక అడుగు దూరంలో పెట్టండి.

చేసుకోవాలంటే కావలసినవి: 300 మిల్లీమీటర్ల ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒకటి (చప్పుడు తక్కువ ఉండే 900 ఆర్‌పీఎం రకం), ప్యూరిఫయర్లకు స్పేర్‌గా అమ్మే పలకలాంటి హెపా ఫిల్టర్లు (సన్నని నుసిని పట్టే రకం) రెండు, గట్టి అట్టపెట్టె, రెండంగుళాల వెడల్పు టేప్, మూడు పిన్నుల ప్లగ్‌తో వైరు. ఫ్యాన్, వైరు కోఠి ట్రూప్ బజార్‌లో దొరుకుతాయి.

అట్టపెట్టె ఎదురెదురు పక్కల్లో, ఫిల్టర్ కంటే చుట్టూ అరంగుళం చిన్నగా రెండు కిటికీలు కోయండి. ఫిల్టర్లను బయటి నుంచి ఆనించి నాలుగు వైపులా టేప్ వేయండి. ఫిల్టర్ ఫ్రేమ్ మీద బాణం గుర్తు ఉంటే అది పెట్టె లోపలికి చూపించాలి. పై మూతకు గుండ్రంగా కోసి ఫ్యాన్‌ను గాలి పైకి ఊదేలా బిగించండి. పెట్టె మూలలు, మూత అతుకులు, అడుగుభాగం అన్నీ టేప్‌తో మూయండి. ఫ్యాన్ లోపలి గాలిని లాగుతుంది కాబట్టి, గోరంత సందు ఉన్నా వడకట్టని గాలి అక్కడి నుంచే లోపలికి దూరి పైకి వచ్చేస్తుంది. ఈ పెట్టె పనిచేయకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. మళ్లీ అగరుబత్తి పట్టుకుని అతుకుల వెంట తిప్పండి. పొగ అతుకులోకి లాగబడితే మళ్లీ టేప్ వేయండి.

రెండు ఫిల్టర్లు ఎందుకంటే, ఎగ్జాస్ట్ ఫ్యాన్లకు అడ్డు వచ్చిన దాన్ని తోసుకుపోయే బలం తక్కువ. ఒకే చిన్న ఫిల్టర్ పెడితే ఫ్యాన్ మూలుగుతుంది, గాలి రాదు, మోటారు కాలిపోవచ్చు. ఫ్యాన్ లోహపు చట్రానికి ఎర్త్ వైరు తప్పకుండా కలపండి. మొదటి రోజు మెలకువగా ఉన్నప్పుడు రెండు గంటలు నడిపి, ఆపి, ప్లగ్ తీసి మోటారు ముట్టుకోండి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆ రాత్రి వాడకండి.

పరీక్ష ఇది: గది మూసి, మీటర్ అంకె రాసుకుని, పెట్టె వేయండి. అరగంటకు అంకె సగానికి దిగాలి. దిగకపోతే గదికో పెట్టెకో చిల్లు ఉంది. కొన్ని నెలల తర్వాత అదే పరీక్షకు గంట పడుతుంటే ఫిల్టర్లు మార్చే సమయం వచ్చినట్టే. హెపా ఫిల్టర్‌ను నీళ్లతో కడిగితే పాడైపోతుంది.

బయటికి వెళ్లేటప్పుడు

గుడ్డ మాస్క్, చున్నీ, కర్చీఫ్ దుమ్మును ఆపుతాయి, నుసిని ఆపవు. బండి మీద వెళ్లేవాళ్లు ఎన్95 వాడండి. ముక్కు మీది లోహపు పట్టీని రెండు చేతుల వేళ్లతో నొక్కండి, ఒక చేత్తో గిల్లితే మధ్యలో కోణం వచ్చి సందు మిగులుతుంది. గట్టిగా ఊదినప్పుడు కళ్లజోడు మసకబారితే పైనుంచి కారుతున్నట్టు. గడ్డం ఉంటే అంచు కూర్చోదు. ఉతక్కూడదు. ఊపిరి తీయడం బరువైనప్పుడు, తాళ్లు వదులైనప్పుడు మార్చేయండి. ఇది వాయువులను ఆపదని గుర్తుంచుకోండి.

కారులో సిగ్నళ్ల దగ్గర గాలి లోపలే తిరిగే బటన్ నొక్కండి, పావుగంటకోసారి ఒక నిమిషం బయటి గాలి తీసుకోండి. వాకింగ్‌కు తెల్లవారుజామున మెయిన్ రోడ్డు పక్కన నడవడం చలికాలంలో అన్నిటికంటే చెడ్డ వేళ, చెడ్డ చోటు. రోడ్డు నుంచి రెండు మూడు వందల మీటర్లు లోపలికి వెళ్లినా తేడా ఉంటుంది.

ఆస్తమా ఉన్నవాళ్లు రోజూ తీసుకునే ఇన్‌హేలర్‌ను ‘ఇప్పుడు బాగానే ఉందిగా’ అని చలికాలంలో ఆపకండి. ఊపిరి ఎంత బలంగా వదలగలరో కొలిచే పీక్ ఫ్లో మీటర్ ఉంటే, బాగున్న రోజు వచ్చిన అత్యధిక అంకె రాసుకోండి. అందులో 80 శాతం కంటే తగ్గితే డాక్టర్ చెప్పిన ప్రకారం మందు పెంచాలి, సగం కంటే తగ్గితే 108కు ఫోన్ చేయాలి. రెండు వారాలు దాటిన దగ్గుకు సిరప్‌లు మార్చుకుంటూ కూర్చోకుండా ఛాతీ డాక్టర్‌కు చూపించండి. ప్రభుత్వంలో ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి ఉంది.

వీధిలోకి వెళ్లండి

మన గల్లీలో గాలి పాడయ్యేది నాలుగు పనులతో: బోరు వేయడం, గ్రానైట్ కోత, చెత్త మంట, అపార్ట్‌మెంట్ జనరేటర్.

హైదరాబాద్ నేల కింద గ్రానైట్ రాయి. బోరు లారీ వచ్చి పొడిగా తవ్వితే తెల్లటి రాతిపొడి వీధి మొత్తం కమ్ముకుంటుంది. అందులో సిలికా ఉంటుంది. రోజూ పీల్చే కూలీలకు సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు, అది తగ్గే జబ్బు కాదు. పక్కింటివాళ్లు బోరు వేస్తుంటే ముందురోజే వెళ్లి మాట్లాడండి: దుమ్ము బయటికొచ్చే చోట నీళ్ల పైపు పెట్టించమనండి, పనివాళ్లకు మాస్కులు ఇప్పించమనండి. బోరుకు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి ఉండాలి. ఆ రోజంతా మీ కిటికీలు మూసి, తర్వాత రెండు రోజులు తడిబట్టే వాడండి.

చెత్త మంటకు జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబర్‌లో జరిమానా పెట్టింది: మామూలుగా కాలిస్తే 5,000, పెద్ద మొత్తంలో కాలిస్తే 25,000 రూపాయలు. కానీ చలిమంట వేసుకునే వాచ్‌మన్ మీద ఫిర్యాదు చేయడం న్యాయం కాదు. అపార్ట్‌మెంట్ తరఫున ఒక మంచి రగ్గు, స్వెట్టర్ కొనివ్వండి. రాలిన ఆకులు వేయడానికి ఒక మూల కంపోస్ట్ గుంత తవ్వించండి. మంట దానంతట అదే ఆగుతుంది.

జనరేటర్ పొగ గొట్టానికి కేంద్ర మండలి సూత్రం ఉంది: జనరేటర్ సామర్థ్యం చెప్పే కేవీఏ అంకె వర్గమూలాన్ని 0.2తో గుణించి, వచ్చినన్ని మీటర్లు భవనం కంటే ఎత్తుగా ఉండాలి. 100 కేవీఏకు వర్గమూలం 10, అంటే భవనం పైకి 2 మీటర్లు. గొట్టం మొదటి అంతస్తు బాల్కనీ పక్కనే ఆగిపోయి ఉంటే, అసోసియేషన్ మీటింగ్‌లో ఈ లెక్క కాగితం మీద చూపించండి.

కట్టడాల మీద ఫిర్యాదు ఎలా రాస్తారన్నదాన్ని బట్టే పని జరుగుతుంది. ‘మా ఏరియాలో దుమ్ము ఎక్కువగా ఉంది, చర్య తీసుకోండి’ అని రాస్తే ఎవరూ కదలరు. ఇలా రాయండి:

‘ఫలానా కాలనీ, ఫలానా రోడ్డు, ఇంటి నంబర్ ఇంతకు ఎదురుగా ఉన్న ప్లాట్. ఈ నెల 12 నుంచి రోజూ ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకు టైల్స్, గ్రానైట్ ఆరుబయట పొడిగా కోస్తున్నారు. చుట్టూ అడ్డుతెర లేదు. ఇసుక కుప్ప కప్పకుండా రోడ్డు మీద ఉంది. 2018 జనవరి 25 నాటి పర్యావరణ నిబంధనల సవరణ ప్రకారం ఆరుబయట కోత నిషేధం, ఇసుక కప్పి ఉంచాలి, భవనం ఎత్తులో మూడో వంతు, గరిష్ఠంగా 10 మీటర్ల అడ్డుతెర ఉండాలి. తనిఖీ చేసి తీసుకున్న చర్యను రాతపూర్వకంగా తెలపగలరు.’

తేదీ, సమయం కనిపించే ఫోటోలు మూడు జత చేయండి. మున్సిపల్ యాప్‌లో వేసి, ఫిర్యాదు నంబర్ స్క్రీన్‌షాట్ తీసుకోండి. అధికారులు సోమవారం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో అదే కాగితం ఇచ్చి, మీ దగ్గరి కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఫ్యాక్టరీ పొగ, రాత్రిపూట ఘాటు వాసన అయితే సనత్‌నగర్‌లో ఉన్న రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి రాయాలి. వాసన మొదలైన గంట, ఆగిన గంట, గాలి ఏ దిక్కు నుంచి వీస్తోంది, కళ్లు మండాయా, గొంతు పట్టిందా అన్నవి వారం పాటు రాసి ఇవ్వండి. జీడిమెట్ల, బొల్లారం వైపు ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. అధికారులు పగలు వచ్చేసరికి ఆ వాసన ఉండదు, మీ డైరీ ఒక్కటే ఆధారం.

నెల దాటినా జవాబు లేకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ‘ఎందుకు చేయలేదు’ అని అడగకండి, దానికి జవాబివ్వాల్సిన పని లేదంటారు. కాగితాలే అడగండి: ‘ఫలానా ఫిర్యాదు నంబర్ మీద జరిపిన తనిఖీ నివేదిక కాపీ, తనిఖీ తేదీ, ఇచ్చిన నోటీసు కాపీ ఇవ్వగలరు’ అని. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. తనిఖీ జరగలేదన్న సమాధానం వస్తే దాన్నే జత చేసి ప్రజావాణిలో రెండో కాగితం ఇవ్వండి.